భీమవరం కోడి, పేతురు కోడి: బరోక్ బొమ్మల్లో పశ్చాత్తాపం



మాది భీమవరం అని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే. "ఈ సంక్రాంతికి మీ ఊళ్ళో రూములు దొరుకుతాయా?" భోగి, సంక్రాంతి, కనుమ, ఆ మూడు రోజులూ మా ఊరంటే కోడి. చట్టం ఒప్పుకోదు, కోర్టులు వద్దంటాయి, అయినా బరులు పడుతూనే ఉంటాయి. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పేర్లు. కాలికి కత్తి కట్టి వదిలితే రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. కోడి ఓడిపోతే పక్కన నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో మా వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

మొన్న ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో ఒక పాత బొమ్మ పంపాడు. నలుపు తెలుపు బొమ్మ. తెల్లగడ్డం ముసలాయన, వేళ్ళలో వేళ్ళు బిగించి చేతులు పట్టుకున్నాడు. కళ్ళు పైకి, చెంపల మీద నీళ్ళు. పక్కన రెండు పెద్ద తాళంచెవులు. వెనకాల గోడ మీద ఒక కోడిపుంజు. కింద మావాడి మెసేజ్: "ఎవర్రా ఈయన, పందెం పోయిందా?"

నవ్వొచ్చింది. కానీ వాడన్నది పూర్తిగా తప్పేం కాదు. ఆ ముసలాయన నిజంగానే ఓడిపోయాడు. ఏం ఓడిపోయాడు, ఆ కోడి అక్కడెందుకుంది, దాదాపు 400 ఏళ్ళ కిందటి యూరప్ ఇలాంటి బొమ్మల్ని ఎందుకు అంతలా అచ్చేసింది, ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు కథ. ఆయన పేతురు, యేసు శిష్యుల్లో ముఖ్యుడు. అందరూ నిన్ను వదిలేసినా నేను వదలను, చావడానికైనా సిద్ధం అని గట్టిగా చెప్పినవాడు. కోడి కూసేలోపు నువ్వే నన్నెరగనని మూడుసార్లు అంటావు అన్నాడు యేసు. ఆ రాత్రే యేసుని పట్టుకుపోయారు. పేతురు వెనకాలే వెళ్ళి వాకిట్లో చలిమంట దగ్గర కూర్చున్నాడు. ఒక పనిపిల్ల గుర్తుపట్టి, నువ్వూ ఆయన మనిషివే కదా అంది. నాకు తెలీదన్నాడు. ఇంకొకరు అడిగారు, తెలీదన్నాడు. మూడోసారీ అంతే. అప్పుడు కోడి కూసింది. యేసు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడని లూకా సువార్త చెబుతుంది. తిట్టలేదు, ఏమీ అనలేదు. చూశాడు, అంతే. పేతురు బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

మనకి కోడి అంటే పందెం. ఆ బొమ్మలు గీసినవాళ్ళకి కోడి అంటే మనస్సాక్షి. చీకట్లో చేసిన పనిని తెల్లవారబోతుండగా గుర్తుచేసే గొంతు. యూరప్‌లో చాలా చర్చి గోపురాల కొనలో గాలికి తిరిగే కోడిబొమ్మ ఉంటుంది చూడండి, దానికి పేతురు కథని కూడా ఒక కారణంగా చెబుతారు.

ఇప్పుడు బొమ్మ ఎలా చేసేవారో చూద్దాం. పెళ్ళికి ఇచ్చే బిందెల మీద, పళ్ళేల మీద పేర్లు కొట్టిస్తాం కదా, ఇంచుమించు ఆ పనే. నున్నటి రాగి రేకు తీసుకుని, పదునైన ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుతారు. రేకు మొత్తానికి సిరా పూసి, పైన శుభ్రంగా తుడిచేస్తారు. గాడి పడ్డ చోట మాత్రం సిరా నిలుస్తుంది. తడి కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి ఎక్కుతుంది, కుడి ఎడమలు తిరగబడి. ఇది ఎన్‌గ్రేవింగ్. రేకు మీద మైనం లాంటి పూత పూసి, ఆ పూతలో సూదితో గీసి, యాసిడ్‌తో గాడి పడేలా చేస్తే అది ఎచింగ్.

ఒక పెయింటింగ్ ఒక్క గోడ మీదే ఉంటుంది. రాగి రేకు నుంచి వందల కాపీలు వస్తాయి. కాగితం చవక, చుట్టి సంచిలో పెట్టుకుని సముద్రం దాటించొచ్చు. రాజు గారి గోడ మీది బొమ్మ ఇలా మామూలు మనిషి చేతికొచ్చింది. మనం ఇవాళ బొమ్మలు ఫార్వర్డ్ చేస్తున్నాం కదా, ఆ రోజుల్లో ఆ పని చేసినవి ఈ కాగితాలే.

మరి పశ్చాత్తాపం మీదే ఎందుకన్ని బొమ్మలు? ఎందుకంటే ఆ రోజుల్లో అతి పెద్ద గొడవ దాని మీదే. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ బయటపెట్టిన 95 వాదాల్లో మొట్టమొదటిదే పశ్చాత్తాపం గురించి. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగానే ఉండాలన్నది దాని సారాంశం. అంటే డబ్బిచ్చి పాపక్షమాపణ చీటీ కొనుక్కుంటే సరిపోదని. అటు కాథలిక్ చర్చి ట్రెంట్ అనే ఊళ్ళో సభ పెట్టి, 1551లో దీని మీద తన మాట తేల్చి చెప్పింది. పశ్చాత్తాపంలో మూడు భాగాలున్నాయంది. మనసులో నిజమైన బాధ, గురువు దగ్గర నోటితో ఒప్పుకోవడం, చేతలతో సరిదిద్దుకోవడం. 1563లో అదే సభ, జనానికి మతం నేర్పడానికి బొమ్మలు ఉండాల్సిందే అని కూడా తీర్మానించింది.

ఇక చూడండి. ఆ మూడు భాగాలూ చదువు రానివాళ్ళకి అర్థమవ్వాలంటే గుర్తులు కావాలి. కన్నీళ్ళు మొదటి భాగం. తాళంచెవులు రెండో భాగం. పరలోకపు తాళాలు పేతురికి ఇస్తానని యేసు అన్న మాట మీదే, క్షమించే అధికారం చర్చికుందని కాథలిక్కుల వాదన. గమనించండి, తాళాలు మోసేవాడే తప్పు చేసి ఏడుస్తున్నాడు. మూడో భాగానికి కొరడా, రాయి. జెరోమ్ అనే పాతకాలపు పండితుణ్ణి ఎడారిలో రాయితో గుండె మీద కొట్టుకుంటున్నట్టు చూపిస్తారు.

ఇది మనకి కొత్తగా అనిపిస్తోందా? వినాయకుడి ముందు గుంజీళ్ళు తియ్యడం, తప్పైపోయింది స్వామీ అని లెంపలేసుకోవడం, తిరపతిలో తలనీలాలివ్వడం, ఇవన్నీ మన ఒంటికి తెలిసిన భాషే కదా. అర్థాలు వేరు కావచ్చు. కానీ మనసులో జరిగేది కంటికి కనిపించాలంటే ఒంటిని వాడుకోవాల్సిందే. ఆ సంగతి మన అమ్మమ్మలకీ తెలుసు, రాగి రేకు చెక్కినవాళ్ళకీ తెలుసు.

నాకు ఇష్టమైనవి రెండు మూడు చెబుతాను, తర్వాత మీరే వెతికి చూడండి. మొదటిది రిబెరా. స్పెయిన్‌లో పుట్టి నేపుల్స్‌లో స్థిరపడ్డాడు. 1621లో పేతురు పశ్చాత్తాపాన్ని ఎచింగ్‌గా వేశాడు. దేవదూతలు లేరు, వెలుగు కిరణాలు లేవు. బండల మధ్య మోకరించిన ముసలి మనిషి, బిగించిన చేతులు, పక్కన తాళాలు. చేపలు పట్టి బతికినవాడి ఒళ్ళు అది. మా మొగల్తూరు, నరసాపురం వైపు రేవుల్లో అలాంటి చేతులు ఇవాళ కూడా చూడొచ్చు.

రెండోది ఫ్రాన్స్ వైపు నాన్సీ పట్టణంవాడు, జాక్ కాలో. అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మలు వేసేవాడు. అందులో పశ్చాత్తాపపడ్డ సాధువుల వరస ఒకటుంది. 1635లో, అంటే ఆయన చనిపోయిన ఏడాదే, తప్పిపోయిన కుమారుడి కథ మొత్తాన్ని చిన్నచిన్న బొమ్మల్లో వేశాడు. ఆస్తి పంచమనడం, ఊరు వదలడం, విందులు, ఆకలి, పందుల దగ్గర బతుకు, చివరికి ఇల్లు. స్టోరీలు ఒక్కోటీ జరుపుకుంటూ చూసినట్టే ఉంటుంది.

ఇక మగ్దలేనే మరియ. ఆ రోజుల బొమ్మల్లో పేతురుతో సమానంగా కనిపించే మనిషి. విప్పుకున్న జుట్టు, పుర్రె, కొవ్వొత్తి, అద్దం, తెగిపోయిన ముత్యాల పేట. లూయీ రాజు ఆస్థాన చిత్రకారుడు ల బ్రన్ ఆమెని నగలు విసిరేస్తున్నట్టు వేస్తే, ఎడలింక్ అనే ఆయన దాన్ని రాగి రేకు మీద చెక్కి ఊరూరా తిప్పాడు. పుర్రె అంటే, ఈ అందం ఎన్నాళ్ళు అని. కొవ్వొత్తి అంటే, కరిగిపోతోంది టైమ్ అని. అద్దం మామూలుగా గర్వానికి గుర్తు, ఇక్కడ తనని తాను చూసుకోవడానికి గుర్తు. ఒకే వస్తువు, అర్థం తిరగబడింది. బరోక్ బొమ్మల్లో ఈ పని మాటిమాటికీ కనిపిస్తుంది.

కానీ ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే తప్పవుతుంది. మగ్దలేనే మరియ చెడ్డ బతుకు బతికిందని సువార్తల్లో ఎక్కడా లేదు. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళ కథల్ని కలిపి ఒక్కరిని చేసేశాడు. సువార్తల ప్రకారం యేసు తిరిగి లేచాడన్న వార్తని మొదట మోసుకెళ్ళినవాళ్ళలో ఆమె ఉంది. అలాంటామె వెయ్యేళ్ళకి పైగా చెయ్యని తప్పుకి ఏడుస్తూ బొమ్మల్లో ఉండిపోయింది. 1969లో కాథలిక్ చర్చి పండగల పట్టిక సవరించినప్పుడు ఆ కలగాపులగాన్ని విడదీసింది. ఒక బొమ్మ ఒకసారి వైరల్ అయితే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చూశారా? ఇంకో సంగతి. పేతురు తప్పు పిరికితనం. మరియ మీద వేసిన తప్పు ఆమె ఒంటి మీద వేసింది. మగాడు తప్పు చేస్తే ఒక పని, ఆడది చేస్తే ఒక బతుకు. ఈ తేడా ఇప్పుడు పోయిందని మీరనుకుంటున్నారా?

ఈ పెద్దపెద్ద బొమ్మలు కాకుండా ఒక చిన్న పుస్తకం ఉంది. 1624, ఆంట్‌వర్ప్ నగరం. హెర్మన్ హ్యూగో అనే జెస్యూట్ గురువు రాశాడు, బోల్స్‌వర్ట్ అనే ఆయన బొమ్మలు చెక్కాడు. పేరు పియా డెసిడెరియా. 45 బొమ్మలు, మూడు భాగాలు, ఒక్కో భాగంలో 15. మొదటి భాగం మొత్తం పశ్చాత్తాపపడే ఆత్మ మూలుగులే. ఇందులో ఆత్మ ఒక చిన్నపిల్ల. దైవప్రేమ రెక్కలున్న కుర్రాడు. చీకట్లో తడుముకుంటున్న పిల్లకి ఆ కుర్రాడు లాంతరు పట్టుకుంటాడు. ఇంకో బొమ్మలో ఆ పిల్ల తిరగలి లాగుతూ ఉంటుంది. గానుగెద్దు గుర్తొస్తుంది, చేసిన తప్పు చుట్టూనే తిరగడం. ఇంకో చోట కళ్ళు నీటి ఊటలవుతాయి. మరో చోట నీళ్ళలో మునిగిపోతూ చేతులు చాస్తుంది. వేసింది కాథలిక్కుల కోసం. కానీ ఇంగ్లండ్‌లో క్వార్ల్స్ అనే ప్రొటెస్టెంట్ కవి 1635లో తన పుస్తకానికి ఇందులోంచి చాలా బొమ్మలు తెచ్చుకున్నాడు. పెద్దలు యుద్ధాలు చేసుకుంటున్నారు, బొమ్మలు మాత్రం గోడలు దాటి తిరుగుతున్నాయి.

సరే, ఇదంతా మనకెందుకు అంటారా? ఆ కాగితాలు పుట్టిన దేశాలు మన గుమ్మంలోనే ఉండేవి. డచ్ వాళ్ళు 1605లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత మా పక్క ఊరు పాలకొల్లులో కూడా వ్యాపార స్థావరం పెట్టారు. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు మీదే ఇంగ్లీషు డిక్షనరీల్లోకి మదపోలం అనే నూలు బట్ట ఎక్కింది. అంతకు ముందే, 1580లో, జెస్యూట్లు అక్బర్ ఆస్థానానికి ఆంట్‌వర్ప్‌లో అచ్చైన బొమ్మల బైబిల్ తీసుకెళ్ళారు. మొఘల్ చిత్రకారులు ఆ బొమ్మల్ని చూసి తమ పద్ధతిలో మళ్ళీ వేశారు. ఇటు నుంచి అటు కూడా వెళ్ళాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ మన దేశపు చిత్రాలు చూసి 20కి పైగా నకళ్ళు గీసుకున్నాడు.

మన భాషకి దగ్గరగా వచ్చే కథ ఇంకొకటుంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉంటూ తెలుగు నేర్చుకున్నాడు. వెనక్కి వెళ్ళాక, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవేనని చెబుతారు. వాటి విషయం మోక్షమార్గం, క్రైస్తవ ప్రశ్నోత్తరాలు. హాలే వాళ్ళ మతబోధలో నడుమ ఉన్నది పశ్చాత్తాపపు పెనుగులాట. మనసు లోపల యుద్ధం జరిగి, మనిషి విరిగి, అప్పుడు వెలుగులోకి రావాలని వాళ్ళ నమ్మకం. వాళ్ళు ప్రాణంగా చదువుకున్న ఆర్న్ట్ గారి భక్తి పుస్తకానికి 1679 నాటి రీగా ముద్రణలో రాగి రేకు బొమ్మలు కూడా చేర్చారు. అంటే మన అక్షరాలు మొదట అచ్చెక్కింది ఈ బొమ్మల ప్రపంచం పక్కనే.

తర్వాత 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఇండియా వచ్చి నరసాపురం చుట్టూ గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. ఇవాళ మా ఊళ్ళ చర్చిల్లో వినిపించే మాట ఒకటుంది, మారుమనస్సు. ఈ మాటని కాస్త విప్పి చూడండి. పశ్చాత్తాపం అంటే పశ్చాత్, తాపం. తర్వాత కలిగే మంట. మారుమనస్సు అంటే మనసు మారడం. గ్రీకు మూలంలో కూడా రెండు వేర్వేరు మాటలున్నాయి. తెలుగు బైబిల్ ఆ తేడా నిలబెట్టింది. యేసుని 30 వెండి నాణేలకి అప్పగించిన యూదా విషయంలో వాడిన మాట పశ్చాత్తాపం. జనాన్ని పిలిచేటప్పుడు వాడిన మాట మారుమనస్సు.

మా ఊళ్ళో కూడా దీనికి ఒక గుర్తుంది. గునుపూడి సోమారామం. తారతో చేసిన తప్పు కడుక్కోవడానికి చంద్రుడు అక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందంటారు. తప్పు చేసినవాడి మచ్చా, వాడి వెలుగూ ఒకే రాయి మీద. పొరపాటున ఒకసారి పడితే శాశ్వతంగా నల్లగానే ఉండిపోవాలని ఆ కథ చెప్పదు.

ఇప్పుడు మళ్ళీ కోడి దగ్గరికొద్దాం. మా బాబాయి ఒకాయన, ఒక సంక్రాంతికి బరిలో బాగా పోగొట్టుకున్నాడు. ఎంత అన్నది అనవసరం. సిగ్గుతో ఇంటికి రాలేదు. ఒక రోజు, రెండు రోజులు, ఫోన్ స్విచాఫ్. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ డబ్బు గురించి మాట్లాడలేదు, మనిషి ఉంటే చాలనుకున్నారు. మూడో రోజు పొద్దున్నే చెరువు గట్టు మీద ఉన్నాడని ఎవరో చెబితే, మా నాయనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళింది. "అన్నం చల్లారిపోతోంది, రారా" అంది. అంతే. ఆయన ఆ తర్వాత బరి వైపు వెళ్ళలేదు. తిట్టి ఉంటే వెళ్ళేవాడేమో, నాకు అలాగే అనిపిస్తుంది.

రెంబ్రాంట్ 1636లో వేసిన చిన్న ఎచింగ్ చూసినప్పుడల్లా నాకు నాయనమ్మే గుర్తొస్తుంది. తప్పిపోయిన కుమారుడు తిరిగి రావడం. కొడుకు మెట్ల మీద కూలబడి ఉన్నాడు, ఒంటి మీద సరైన గుడ్డ లేదు, మొహం అందంగా కూడా లేదు. తండ్రి వంగి వాణ్ణి కావలించుకున్నాడు. వెనక ఎవరో కిటికీ రెక్క తీసి చూస్తున్నారు, లోపలి నుంచి బట్టలు తెస్తున్నారు. ఈ బొమ్మలో పుర్రె లేదు, కొరడా లేదు. ఇక్కడ పశ్చాత్తాపానికి గుర్తు ఒక్కటే, మనిషి నడిచొచ్చిన దారి.

యూదా కూడా బాధపడ్డాడండి. తప్పు ఒప్పుకున్నాడు, డబ్బు వెనక్కి ఇచ్చేశాడు. లెక్క చూస్తే పేతురు కంటే ఎక్కువే చేశాడు. కానీ ఆ మంటలోనే ఉండిపోయి ప్రాణం తీసుకున్నాడు. పేతురు ఏడ్చాడు, మళ్ళీ తనవాళ్ళ దగ్గరికి వచ్చాడు. ఇద్దరి తప్పులూ ఒకే రాత్రి జరిగాయి. తేడా తిరిగి రావడంలో ఉంది. అందుకే ఆ బొమ్మల్లో పేతురు పక్కన తాళాలు ఇంకా ఉన్నాయి. ఎవరూ లాక్కోలేదు.

ఇది చూస్తున్నవాళ్ళలో బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్నవాళ్ళు ఉండొచ్చు, ఇంట్లో చెప్పలేక రాత్రుళ్ళు నిద్రపోనివాళ్ళు ఉండొచ్చు. మీకు నేను నీతులు చెప్పను. కోడి కూసిందంటే తెల్లారుతోందని అర్థం. లేవండి, ఇంటికి ఫోన్ చెయ్యండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.